చదును మీద పడని స్క్రూ

5-8-91, సోమవారం
యూసుఫ్ చాచాను ఓనరు రాజయ్య ఈ రోజు షాపులోంచి తీసేశాడు. పద్దెనిమిదేళ్ళు రేడియోలు, మోటార్లు బాగుచేసిన చేతులు. ఒక్క మాటతో.

కారణం ఒక ఆటబొమ్మ. మిల్లు సేటు బామ్మర్ది దుబాయి నుంచి తెచ్చిన రిమోటు కారు. బాగుచేసి పంపింది మేమే. మళ్ళీ వచ్చింది. మోటారు గిర్రున తిరుగుతోంది, చక్రాలు కదలవు. మోటారు కడ్డీ మీది చిన్న పళ్ళచక్రం — పినియన్ — స్క్రూ వదులై జారుతోంది. సేటు అందరి ముందూ అరిచాడు. రాజయ్య చాచా వైపు తిరిగాడు.

"ముసలోనివైనవ్. కండ్లు కనవడుత లెవ్వు. రేపట్నించి రాకు."

చాచా అద్దాలు తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అరిచింది నేనే. విచారించకుండా మనిషిని తీసెయ్యడం ఏం న్యాయమని. నీ కాయితాల ముచ్చట ఇంట్ల చెప్పుకో అన్నాడు రాజయ్య. నేను పంచే సంఘం కరపత్రాల మీద వెక్కిరింపు.

కోపం కూడా అలసిపోతుందా...

6-8
చేతిరాత కరపత్రం. కార్బన్ పెట్టి రాసి రాసి వేళ్ళు నొప్పి. తప్పు చేసినవాడిగా రాజయ్య పేరు అన్నిటికన్నా పైన. శనివారం సాయంత్రం అయిదు, షాపు ముందు సభ. సుల్తానాబాద్ బస్టాండు దాకా రేడియో షాపుల పనివాళ్ళకు సగం పంచాను. వస్తామన్నారు.

7-8
చాచా స్టూలు ఖాళీ. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు.

8-8, గురువారం
కారు నా బల్ల మీదికే వచ్చింది.

పినియన్‌ను స్క్రూడ్రైవరుతో ఎత్తబోయి ఆగాను. కడ్డీ వంగుతుంది — చాచా ఎన్నిసార్లు చెప్పాడో. పాత సైకిలు ముక్కతో ఆయన చేసుకున్న, చక్రాన్ని నిటారుగా లాగే పుల్లర్ సొరుగులోనే ఉంది. తగిలించి మెల్లగా తిప్పితే జారి వచ్చింది.

కడ్డీకి ఒక పక్క చదును ఉంటుంది. స్క్రూ దాని మీదే కూర్చోవాలి. గీతలన్నీ గుండ్రటి వైపున్నాయి. చదును మీద ఒక్కటీ లేదు.

పెద్ద చక్రం పళ్ళలో కాగితం ముక్క. రెండు చక్రాల మధ్య సందు సరిగ్గా రావాలని, బిగించేటప్పుడు పలుచని కాగితం పెడతాం, తర్వాత లాగేస్తాం. చాచా పెట్టేది బీడీకట్ట లేబులు. ఇది సంఘం అచ్చు వేయించిన ఎర్ర అక్షరాల పాత కరపత్రం. అంచు చింపింది.

షాపులో కరపత్రాలుండేది నా దగ్గరే.

కారు మొదటిసారి బాగుచేసిన ఆ శుక్రవారం చాచా నమాజుకు వెళ్ళాడు. పక్క షాపు సత్తెన్నతో వాదిస్తూ పినియన్ నేనే బిగించాను.

9-8
చాచా ఇల్లు. చాయ్ ఇచ్చాడు. ముక్క చూపించాను. చూసి పక్కన పెట్టాడు.

"నీకెరికేనా, చాచా?"

"స్క్రూ జూస్తే ఎవని చెయ్యో తెల్వదా, బేటా. గట్టిగనే తిప్పుతవ్. యాడ తిప్పుతున్నవో సూడవ్."

ఎందుకు చెప్పలేదంటే, రాజయ్య అడగనే లేదు గదా అన్నాడు. అడిగితే చెప్పేవాడో లేదో... అది చెప్పలేదు. రేపటి సభ ఆపెయ్యనా అన్నాను. గ్లాసులు కడుగుతూ, నా వైపు చూడకుండా —

"కాయితం రాసినవ్. నన్నడిగి రాసినవా?"

రాజయ్యా అడగలేదు. నేనూ అడగలేదు.

10-8, శనివారం, పొద్దున
నూనె తుడిచి, స్క్రూ చదును మీద పడేలా బిగించాను. కారు షాపంతా తిరిగింది. సంతోషం రాలేదు.

రాజయ్యకు ఇంకా చెప్పలేదు. చెబితే నేనూ బయటికే. విచారించకుండా తీసెయ్యడం ఆయన తప్పు. ఇప్పటికీ తప్పే. దానికి ముందున్నది నాది. రెండూ ఒకే నోటితో చెబితే నిలబడి వినేదెవరు...

మిగిలిన కరపత్రాల్లో రాజయ్య పేరు పైన నా పేరు రాశాను. ఒకటి చాచాకు ఇచ్చి, ఈసారి అడిగాను, పంచనా అని. చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. అవుననీ అనలేదు, వద్దనీ అనలేదు.

పంచేశాను.

ఈ సాయంత్రం అయిదు గంటలకు, షాపు ముందు. అందరూ రావాలి.