చప్పుడు లేని కీబోర్డు

అల్లుడుగారికి,

పక్క గదిలోనే ఉన్న మీకు ఉత్తరం దేనికంటే, పొద్దస్తమానం ఆ హెడ్‌ఫోన్లు మీ చెవులు వదలవు. టకటకలాడే నా కీబోర్డు మీ మీటింగులకు అడ్డమని తీసేసి, చప్పుడు లేనిది పెట్టారు. "మెత్తగా ఉంటుంది అత్తయ్యగారూ" అన్నారు. మెత్తదనం పరుపుకి కావాలి. ముప్పై ఏళ్లు టైపు నేర్పినదాన్ని. చూపు మందగించాక అక్షరం పడిందో లేదో చెవితోనే పట్టుకుంటున్నాను. నిన్న పబ్లిషరుకు టైపు చేసి పంపిన అధ్యాయంలో సగం అక్షరాలు లేవు. ఇంకొకటి ఇలాగే వస్తే పని వేరేవాళ్లకి ఇస్తామన్నారు.

రేపు తెల్లారేసరికి నా కీబోర్డు నా బల్ల మీద ఉండాలి. లేదంటే బల్లతో సహా మీ మీటింగులోకే వస్తాను.

చెప్పింది నేను, రాసింది మీ కూతురు. నాన్నకి ఇంత మర్యాద దేనికని రాస్తూ రాస్తూ రెండుసార్లు అడిగింది.

మీ అత్తగారు