వేట లేని నెలలు

జూన్, ఆదివారం

పాపను మైపాడు నుంచి తెచ్చుకున్నాను. విడిపోయినప్పటి నుంచి వేసవి సెలవులు వాళ్ల నాన్న దగ్గర, బడి రోజులు నా దగ్గర. చేపల వేటపై రెండు నెలల నిషేధం ముగిసింది. ఆయన పడవకు రంగు వేస్తున్నాడు. తలెత్తకుండానే, "రేపు వేటకి పోవాల. అన్నం తినింది, తీసకపో" అన్నాడు. పాప మోచేతుల దాకా నీలం రంగే.

బస్సులో పాప అంది. "వేట ఏడాదంతా ఆపేస్తే బాగుంటదిమా. నాన్న ఇంట్లోనే ఉంటాడు."

"అప్పుడు తినేదేంది?"

"మనం కలిసున్నప్పుడు కూడా సెలవులకి ఇట్లనే ఇంట్లో ఉండేవాడా?"

"ఉండేవాడు" అన్నాను.

అంతవరకే చెప్పాను. మిగతా ఏడాదంతా మాకు గొడవల్లేవు. కొట్లాడుకున్నదంతా ఆయన ఇంట్లో ఉన్న ఆ రెండు నెలల్లోనే.

ఇంటికొచ్చి, స్నానం చేసి పాప నిద్రపోయింది. సబ్బుతో ఎంత రుద్దినా ఆ రంగు పోలేదు.