మెట్ల తప్పేం లేదు

చోడవరం,
ఆదివారం.

శంకర్ బావకు ప్రవల్లిక రాస్తున్నది. ఇక్కడ అమ్మా, నాన్నా, తమ్ముడు హరిబాబూ కులాసా. నేనూ వేళకు తింటున్నాను. నీ ఒంట్లో ఎలా ఉంది?

హరిబాబు చేతికి నువ్విచ్చిన ఉత్తరం అందింది. ఫోన్ ఉండగా ఉత్తరమేటని వాడు నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. ఫోన్‌లో నువ్వు "తిన్నావేటి?" అంటావు, నేను "తిన్నాను" అంటాను. ఇరవై రోజులుగా అంతకు మించి ఒక్క మాట ముందుకు పోలేదు. అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను.

నువ్వడిగినవాటికి ముందు చెబుతాను. కుట్లు మానాయి. జ్వరం మళ్లీ రాలేదు. పాలు ఎండడానికి అమ్మ నా రొమ్ములకు మల్లెపూలు కట్టింది. మొదటి వారం రవిక తడిసినప్పుడల్లా గదిలోకి పోయి తలుపేసుకునేదాన్ని. ఇప్పుడు తగ్గింది. రావికమతం నుంచి మంగాయమ్మ పెద్దమ్మ చూడ్డానికి వచ్చింది. "కడుపుతో ఉన్న గుంటని కొత్తిల్లు సూడ్డానికి పంపుతారేటే ఎర్రమ్మా?" అంది అమ్మతో. "ఊరుకో అప్పా, అది వింటాది" అంది అమ్మ. విన్నాను.

ఇక ఇంటి సంగతి. విశాఖలో మనం అద్దెకు తీసుకున్న ఆ లాఫ్ట్ ఇల్లు వదిలేస్తానని, ఓనరు అచ్చియ్యమ్మగారికి చెప్పేస్తానని రాశావు. నిండు నెలల్లో నన్ను ఆ ఇనుప మెట్లు ఎక్కించి బిడ్డను నువ్వే చంపుకున్నావని రాశావు. ఆ మాట చదివి కాగితం మడిచి దిండు కింద పెట్టాను. నాలుగు రోజులు మళ్లీ తీయలేదు.

ఇల్లు చూసిన ఆ ఆదివారం నేనేం మరిచిపోలేదు బావా. రెండేళ్లు కిటికీ లేని గదిలో ఉన్నవాళ్లం కదా. తలుపు తీయగానే అంత ఎత్తు కప్పు, ఇనుప మెట్లెక్కితే సగం ఎత్తులో చెక్కతో కట్టిన పడక, పక్కనున్న తలుపు తెరిస్తే మనకొక్కరికే డాబా. నువ్వు పైకీ కిందికీ నాలుగుసార్లు తిరిగావు. "ఇక్కడ ఊయల కడదాం. పొద్దుటెండలో గుంటకి నూనె రాసి డాబా మీదే నీల్లు పొయ్యొచ్చు" అన్నావు. తరవాత నా పొట్ట మీద చెయ్యి పెట్టి, "తన్నతందేటే?" అని అడిగావు.

"తన్నతంది బావా" అన్నాను.

అది అబద్ధం. శనివారం మధ్యాహ్నం నుంచే కదలిక లేదు. పడుకుందేమో అనుకున్నాను. చన్నీళ్లు తాగి చూశాను, పక్కకు తిరిగి పడుకున్నాను. నీకు చెబితే ఆసుపత్రికి తీసుకెళ్తావు, ఇల్లు ఇంకెవరికో పోతుంది, ఒక్క రోజు ఆగుదాం అనుకున్నాను. లోపల భయం వేస్తూనే ఉంది. అయినా నవ్వుతూ మెట్లెక్కాను. ఆసుపత్రికి వెళ్లేసరికి బిడ్డ గుండె ఆగిపోయిందన్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చే రోజు నువ్వు మందులకు వెళ్లినప్పుడు డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పాను. "పేగు మెడకి చుట్టుకుందమ్మా, మెట్లకీ దీనికీ సంబంధం లేదు" అంది.

"శనివారమే వచ్చుంటే?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "చెప్పలేనమ్మా" అంది.

ఆసుపత్రి వరండాలో గోడకు తల ఆనించి "నావల్లే, నావల్లే" అని నువ్వు ఏడుస్తుంటే విన్నాను. అప్పుడే చెప్పాల్సింది. నువ్వు నన్ను ఎలా చూస్తావోనని నీ ఏడుపు నీకే వదిలేశాను. బిడ్డ విషయంలో నాది తప్పో కాదో ఆ దేవుడికే తెలియాలి. ఇది మాత్రం తప్పే.

ఇది చదివి ఫోన్ చెయ్యకు. రావాలనిపిస్తే రా. రాలేకపోతే కొన్నాళ్లు ఊరుకో, నేనేమీ అనుకోను. ఇల్లు వదిలేస్తానంటే వదిలెయ్యి. కానీ నా మీద కోపంతో వదులు బావా, నీ మీద కోపంతో వద్దు.

ఇట్లు,
నీ మరదలు
ప్రవల్లిక