గేటు బోర్డు మీద ‘మాజీ’

మంగళవారం, చిత్తూరు

మున్సిపల్ ఎలక్షన్లు వాయిదా వేసినారు. మా కౌన్సిలర్ల పదవి ఇంకో ఆరు నెలలు పెంచినారు. నేనేమో పోయిన వారమే గేటు బోర్డులో నా పేరు ముందర ‘మాజీ’ అని రాయించుకున్నాను. ఆత్రం నాకు.

పొద్దున పెయింటర్ మునెప్ప బ్రష్ పట్టుకొని తనే వచ్చినాడు. “అక్కా, మాజీ చెరిపేసేదా?” అన్నాడు. సరే అనబోయినాను. అంతలో ఎదురింటి సుగుణమ్మ ఖాళీ బిందెతో వచ్చి నిలబడింది. మా వీధి కొళాయికి నీళ్ళు రాక మూడు వారాలు. “కొత్తగా వచ్చేవాళ్ళని అడుగు” అని మొన్న ఆమెను పంపించేసింది నేనే.

“ఇంక నిన్నే అడగాల గదమ్మా” అనింది.

అయిదేండ్లు ఈ వీధి ఓటేసి ఇచ్చింది. ఈ ఆరు నెలలు ఎవురిచ్చినారు? ఒక సర్కారు కాగితం ఇచ్చింది, అంతే.

రేపు ఇంజనీరు ముందర కూర్చుంటాను. పైపు తవ్వించేదాకా లేసేది లేదు. నేను కూర్చుంటే పని అయి తీరుతాది.

మునెప్పను మాత్రం బోర్డు ముట్టుకోవద్దన్నాను. ఎలక్షన్లు ఎప్పుడైనా పెట్టనీ, నిలబడతాను, గెలుస్తాను. ఆ పొద్దు సుగుణమ్మ చేతనే ‘మాజీ’ చెరిపిస్తాను.