అడుగున అంటించిన పాస్‌వర్డ్

తమ్ముడూ, తాళం తియ్యకముందే ఇది చదువు. నీ ఫోన్ కలవట్లేదు.

రూటర్‌ని టీవీ వెనక నుంచి తీసి హాల్లో అల్మారా మీద పెట్టాను. నువ్వు తెచ్చిన చవకరకం కదా, ఎక్కడ పెట్టినా సిగ్నల్ మన వరండా దాటి పోదు. పాస్‌వర్డ్ కూడా మార్చాను. నీ మతిమరుపు తెలిసిందేగా, కాగితం మీద రాసి రూటర్ అడుగున అంటించాను. ఇంకెవరికీ చెప్పలేదు.

స్నానం చేసి వచ్చేసరికి రూటర్ తలకిందులుగా ఉంది. యాప్‌లో చూస్తే మనది కాని ఫోన్ ఒకటి దానికి కలిసి ఉంది. కట్టుబట్టలతో బయటపడి తాళం వేశాను.

పోలీసులకు ఫోన్ చేశాను. పక్కింటి బాబాయ్ దగ్గరికి వెళ్తున్నాను, నువ్వూ అక్కడికే రా.

అక్క

వరండాలో నిలబడి ఇప్పుడే మళ్ళీ చూశాను. ఆ ఫోన్ ఇంకా కలిసే ఉంది.