తాబేలుకు వినపడేలా

అగుంగ్ కొండవాలు,
1963 మార్చి 14

ఓం అవిఘ్నమస్తు.

దెన్‌పసార్‌లో ఉన్న మా బ్లీ, అన్నయ్య గెదె సుదర్సకు చెల్లెలు రస్మిని నమస్కరించి రాయునది. కొండ మీది దేవతల దయవల్ల అందరం ప్రాణాలతో ఉన్నాం. అక్కడ వదిన, పాప కులాసా అని తలుస్తాను.

బ్లీ, ఈ ఉత్తరం తెచ్చేది అమ్మే. లారీలో దగ్గుతూ వచ్చి ఉంటుంది, ముందు వేడినీళ్లివ్వు. ఇక్కడ బూడిద ఆగడం లేదు. చిలగడదుంప తీగల మీద, అన్నం మీద, నా కనురెప్పల మీద కూడా అదే. మధ్యాహ్నమే దీపాలు పెట్టుకుంటున్నాం.

నిన్న భూమి కదిలినప్పుడు ఊరంతా వాకిట్లోకొచ్చి "బతికే ఉన్నాం, బతికే ఉన్నాం" అని నేలకేసి అరిచింది. లోకాన్ని మోసే తాబేలు పైన మనుషులున్నారని మరిచిపోయి ఒత్తిగిలుతుందని చిన్నప్పుడు మనమూ అరిచేవాళ్లం. ఈసారి నేను నోరు మూసుకుని నిలబడ్డాను. పక్కింటి మెన్ రుంతి ఊరుకుంటుందా? "బాండుంగ్‌లో రాళ్ల చదువు చదివావుగా, దానికో అర్జీ రాసి పడెయ్యి, కదలకుండా పడుకుంటుంది" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే మళ్లీ కదిలింది.

నాన్నకు చెప్పి చూశాను. కింద ఉన్నది తాబేలు కాదు, కరిగిన రాయి అనీ, అది పైకి దారి చేసుకుంటోందనీ. గుడి మెట్ల మీద బూడిద ఊడుస్తూనే విన్నాడు. తాళపత్రాల్లోనూ అక్కడ నిప్పే ఉందట. తాబేలును రెండు నాగులు చుట్టి పట్టుకున్నాయట. ఈ కొండ మేరువు ముక్కట. "మీ పంతులు నిప్పును చూశాడు, పట్టుకున్నవాళ్లను చూళ్లేదు. అంతే తేడా" అన్నాడు. తర్వాత చీపురు ఆపి, "ఎప్పుడొస్తుందో మీ పుస్తకంలో ఉందా?" అని అడిగాడు. లేదన్నాను.

"మా దాంట్లోనూ లేదమ్మా. ఇద్దరికీ తెలియనప్పుడు, ఇన్నేళ్లు నేను పూజించిన దేవతల దగ్గరే ఉంటాను."

అయినా చివరికి మెత్తబడ్డాడు. గుడి పని ఇంకొకరికి అప్పజెప్పి ఆదివారం లారీలో ఇద్దరం దిగి వచ్చేస్తాం. అమ్మను దిగులు పడొద్దని చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు
రస్మిని

తా.క. ఇది అమ్మకు చదివి వినిపించకు. ఆమెకు అక్షరాలు రావని ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాను, ఇవాళ ఆ చాటునే దాక్కుంటున్నాను. నిజానికి నాన్న ఒప్పుకోలేదు. నిప్పు దిగితే దేవతలు దిగినట్టే, వాద్యాలతో ఎదురెళ్లాలని ఊరు తీర్మానించింది. ముందు నడిచేది ఆయనే. పక్కన నైవేద్యం తట్ట నేను ఎత్తుకుంటానన్నాను. బుద్ధి వచ్చిందని మెన్ రుంతి మెచ్చుకుంది. నాకు వచ్చింది భయం, బ్లీ. కరిగిన రాయి నుంచి నడిచి తప్పించుకోవచ్చు. వేడి బూడిద మబ్బు దిగితే పరుగెత్తినా దక్కమని చదివాను. ఆయన ఆగకపోతే తట్ట పడేసి చెయ్యి పట్టి లాగడానికి ఒకరుండాలి. ఇది తెలిస్తే అమ్మ లారీ ఎక్కేది కాదు.

పొద్దున మళ్లీ కదిలింది. అందరికంటే ముందు నేనే అరిచాను. అక్కడ కదిలితే నువ్వూ బతికే ఉన్నామని అరవాలి, మా ఇద్దరినీ కలుపుకుని.