చలికాలం ఆడ ఈగలు

అరకు,
15 డిసెంబరు 2024, ఆదివారం.

అక్క కృపావతికి చెల్లి రత్న వందనాలు. బావకి నమస్కారం, నీ కూతురు సరళ గుంటకి ముద్దులు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నామని రాయాలి కదా, రాసేశాను. చలి మాత్రం ఒళ్లు కొరికేస్తోంది. పొద్దున్నే బాల్చీలో చెయ్యి పెడితే కాసేపు ఆ చెయ్యి ఉందో లేదో కూడా తెలీదు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏటే అని తిడతావని తెలుసు. ఫోన్ ఎత్తితే నువ్వు ప్రార్థన మొదలెడతావు, నేను ఆమెన్ అని పెట్టేస్తాను. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోతుంది. అందుకే కాగితం.

నీ కబురు అందింది. పోయిన ఆదివారం కురుపాం చర్చిలో లేచి నిలబడి, నా చెల్లి కడుపు మళ్లీ పండిందని సాక్ష్యం చెప్పావంట. పాస్టరుగారు నాకోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారంట. క్రిస్మస్ అయ్యాక సరళ పడుకున్న ఉయ్యాల చీర పట్టుకుని వస్తానన్నావు. ఇక్కడ మా అత్త కూడా తక్కువ తినలేదు, ఊరి దేవతకి నల్ల కోడిని మొక్కేసింది. పాపం, మీ ఇద్దరి దేవుళ్లకీ పని పడింది.

ఈ కబురంతా మా అత్త దగ్గరే మొదలైంది. జూన్‌లో నిండు నెలల ఆడగుంట నా కడుపులోనే పోయింది కదా, ఆ తరవాత నేను ఒక్కసారే బయట కూర్చున్నాను. దసరా నుంచీ కూర్చోలేదు. అది చూసి అత్త తనలో తనే లెక్క కట్టుకుని, సంతలో కనిపించిన వాళ్లందరికీ చెప్పేసింది. సురేంద్ర ఆ సాయంత్రమే జీపు ఆపి ఇనప కొక్కేలు కొనుక్కొచ్చి దూలానికి బిగించాడు. ఉయ్యాలకంట. నా మొగుడు చెప్పించుకోకుండా చేసిన ఇంటి పని అదొక్కటే. పడుకుంటే అవి సరిగ్గా నా ముఖం మీదికే ఉంటాయి.

జూన్ సంగతి నీకు తెలుసు. పాలు వచ్చాయి, తాగే గుంట లేదు. నువ్వే నా ఛాతీకి గుడ్డ బిగించి కట్టావు. ఆ రోజు నువ్వు ఏడిచావు, అత్త ఏడ్చింది, సురేంద్ర గోడకేసి తల కొట్టుకున్నాడు. నేను కప్పు వైపు చూస్తూ పడుకున్నాను.

సరే, నా పని గురించి అడిగావు. బీయస్సీ చదివి ఈగలు పట్టడం ఏటే అని బావ నవ్వాడంట, నవ్వనీ. విశాఖ నుంచి వచ్చిన భానుశ్రీ మేడం ఇక్కడ కాఫీ తోటల పక్కన రెండు గదులు తీసుకుని పండ్ల ఈగల మీద పరిశోధన చేస్తోంది. నేను ఆవిడకి సాయం. మగ్గిన అరటిపండు సీసాలో వేసి కాఫీ మొక్కల మధ్య కట్టి వస్తాం. మర్నాటికి ఈగలు చేరతాయి. మత్తుమందిచ్చి, మగవాటిని తీసేసి, ఆడదాని పొట్ట సూదులతో విప్పి మైక్రోస్కోపు అద్దం కింద చూస్తాం. అయ్యో పాపం అనకు, నాకూ మొదట్లో అలాగే ఉండేది.

ఈగకి కూడా రెండు అండాశయాలు ఉంటాయక్కా. ఎండాకాలంలో చూస్తే జంట అరటి హస్తాల్లా తెల్లటి గుడ్లతో కిక్కిరిసి ఉంటాయి. ఈ చలిలో పట్టినవాటివి చూస్తే ఏమీ లేదు. మన సోళ్ల కంకి పాలు పోసుకోకపోతే ఎలా ఉంటుందో అలా సన్నగా, పల్చగా ఉన్నాయి. జబ్బా అని అడిగితే మేడం కాదంది. చలి ఎక్కువై పొద్దు తగ్గితే, ఇప్పుడు గుడ్డు పెట్టినా పిల్ల బతకదని ఆ ఒంటికే తెలుస్తుందంట, ఆపేసుకుంటుందంట. మగదాని బీజం మాత్రం పారెయ్యదు. పుట్టగొడుగుల్లాంటి చిన్న చిన్న సంచులున్నాయి, వాటిలో దాచుకుంటుంది. నేను చూశాను.

మేడం మంచిదే. అత్త చెప్పిన కబురు విన్నప్పటి నుంచీ మత్తుమందు సీసా నన్ను ముట్టుకోనివ్వడం లేదు. కడుపుతో ఉన్నదానివి, కిటికీ దగ్గర కూర్చో అంటోంది. రోజూ తన డబ్బాలోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి నా చేతిలో పెడుతుంది. తింటున్నాను. రుచి తెలీడం లేదు గానీ తింటున్నాను.

పోయిన వారం, చలిలో పట్టిన ఈగల్లో సగం వెచ్చటి పెట్టెలో పెట్టాం. వారం తిరక్కముందే మేత మీద తెల్లటి గుడ్లు కనిపించాయి. పొట్ట విప్పి చూస్తే లోపలంతా నిండిపోయింది. మేడం గంతులేసినంత పని చేసి, నా భుజం తట్టి, చూశావా రత్నా, అచ్చం నీలాగే అంది. నేను సీసా మీద తేదీ రాసి అరలో పెట్టేశాను.

ఇవే ఇక్కడి సంగతులు. కాఫీ పళ్ల కోత సగమైంది. అత్త మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. నువ్వు చలిలో చర్చికి తిరిగేటప్పుడు చెవులకి గుడ్డ కట్టుకో.

నీ చెల్లి,
రత్న

మళ్లీ రాస్తున్నాను: కవరు అంటించబోయి ఆగాను. అక్కా, నా కడుపులో ఎవరూ లేరు. అత్త ఊరంతా చెప్పిన మర్నాడే మందుల షాపులో కిట్టు కొని చూసుకున్నాను, ఒక్క గీతే వచ్చింది. ఇంకోటి కొన్నాను, మళ్లీ ఒక్క గీతే. ఆ ఈగలకి ఆగినట్టే నాకూ ఆగిపోయింది, అంతే. మళ్లీ మొదలవుతుందో లేదో ఇక్కడి నర్సమ్మకీ తెలీదు, పెద్దాసుపత్రికి వెళ్లమంది. అత్తకి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఎవరేమనుకున్నా నాకు ఏమీ అనిపించలేదు. కొక్కేలు చూసినా అనిపించలేదు. సురేంద్రకి నేనే చెప్పాలి, నువ్వు పక్కనుంటే చెప్పగలను. సాక్ష్యం సంగతి నీ ఇష్టం, నీ దేవుడితో నువ్వు మాట్లాడుకో. ఉయ్యాల చీర మాత్రం తేకు. క్రిస్మస్ దాకా ఆగకు, బేగి రా. జూన్ నుంచీ నాకు ఏడుపు రాలేదక్కా. నువ్వు వచ్చి పక్కన కూర్చుంటే వస్తుందేమో.